మెడ గాయానికి సాక్ష్యమేది? – చిత్రపరీక్షలపై ఒక సంవాదం

మనిషి మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. మొదటిది తలను మోస్తే, రెండవది తల పక్కలకు తిరగడానికి ఇరుసుగా నిలుస్తుంది. తక్కిన ఐదూ ఒకదానిపై ఒకటి అమరి, నడుమ డిస్కులతోను, చుట్టూ లిగమెంట్లనే గట్టి పట్టీలతోను బిగిసి, తమ వెనుకనున్న కాలువలో వెన్నుపామును కాపాడతాయి. చేతులకు, కాళ్లకు, ఊపిరి తీయించే కండరాలకు మెదడు పంపే ఆజ్ఞలన్నీ ఆ కాలువ గుండానే సాగుతాయి గనుక, ఎముక విరిగి గాని పట్టీ తెగి గాని ఆ అమరిక చెదిరినప్పుడు, మొదటి దెబ్బను తప్పించుకున్న వెన్నుపాము కూడా ఆ తర్వాతి కదలికలో నలిగిపోయే ప్రమాదముంది. అందువల్లనే రోడ్డు ప్రమాదంలోనో, ఎత్తు నుండి పడిపోయో గాయపడిన మనిషికి, మెడ క్షేమంగా ఉందని తేలేవరకు, కాలర్ అనే గట్టి మెడపట్టీ వేసి కదలకుండా ఉంచడం ఆనవాయితీ అయింది.

మెడ క్షేమమని నిర్ధారించి ఆ పట్టీ తీసివేయడాన్ని వైద్యులు ‘మెడను క్లియర్ చేయడం’ అంటారు. ఆ నిర్ణయానికి ఆధారంగా దేన్ని తీసుకోవాలి, ప్రతి రోగికీ చిత్రం తీయాలా, తీస్తే ఏ యంత్రంతో తీయాలి, చిత్రంలో ఏమీ కనిపించకపోతే దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలపై గత పాతికేళ్లలో వైద్యలోకం చాలా శ్రమించింది. ఆ శ్రమ ఫలితాలను ఎదురెదురుగా నిలిపి చూపేందుకు ఇక్కడ ఇద్దరు వాదులు మాట్లాడతారు. ఒకరు, యంత్రం చూపే సాక్ష్యమే శరణ్యమనే ట్రామా శస్త్రవైద్యుడు. రెండవవారు, రోగిని పరీక్షించాకే యంత్రం మాట ఎత్తాలనే అత్యవసర విభాగపు వైద్యురాలు. ఒక్క రోగి కూడా నివారించదగిన పక్షవాతానికి గురికాకూడదన్నదే ఇద్దరి ఆశయమూ కాబట్టి, భేదం మార్గంలోనే గాని గమ్యంలో లేదు.

ఎవరికి చిత్రం తీయాలి?

శస్త్రవైద్యుడు: గట్టి దెబ్బ తగిలి ఆసుపత్రికి చేరిన ప్రతి వయోజనుడికీ మెడ సీటీ స్కాన్ తీయాలన్నదే ఈ పక్షపు ప్రతిపాదన. సీటీ అంటే ఎక్స్‌రే కిరణాలను శరీరం చుట్టూ తిప్పి, లోపలి భాగాలను మిల్లీమీటరు ప్రమాణంలోని పలుచని పొరలుగా కంప్యూటరు సాయంతో కూర్చి చూపే పద్ధతి. పుర్రె అడుగు నుండి ఛాతీలోని మొదటి వెన్నుపూస దాకా ఉన్న ఎముకలన్నిటినీ నేటి యంత్రం కొద్ది సెకన్లలో చూపుతుంది. 1987లో కెనడా నుండి వెలువడిన ఒక పరిశీలనలో, వెన్నెముక ఫ్రాక్చరును సకాలంలో గుర్తించిన వారిలో తర్వాత కొత్తగా నరాల నష్టం కలిగినవారు నూటికి 1.4 మంది కాగా, గుర్తించడం ఆలస్యమైన వారిలో అది నూటికి 10.5గా తేలింది. ఇంత తేడా కళ్లముందు ఉండగా, వేళ్లతో నొక్కి చూసి మెడ బాగుందని చెప్పడం సాహసమే అవుతుంది.

వైద్యురాలు: ఆలస్యం వల్ల కలిగే కీడును ఎవరూ కాదనరు డాక్టరు గారూ. కాని దెబ్బ తగిలి వచ్చిన వారిలో మెడ వెన్నెముకకు నిజంగా గాయమయ్యేది నూటికి ఇద్దరికో ముగ్గురికో మాత్రమే. ఆ కొద్దిమందిని పట్టుకోవడానికి మిగిలిన తొంభై ఏడుగురినీ కిరణాల కిందికి పంపక తప్పదా అన్న ప్రశ్నకు జవాబుగానే అమెరికాలోని 21 ఆసుపత్రులలో నెక్సస్ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం జరిగి, దాని ఫలితాలు 2000లో ప్రచురితమయ్యాయి. మొత్తం 34,069 మంది రోగులను అయిదు ప్రశ్నలతో పరిశీలించారు: మెడ వెనుక నడిమధ్యన నొక్కితే నొప్పి ఉందా, మత్తులో ఉన్నారా, స్పృహలో ఏ కొంచెమైనా తేడా ఉందా, చేతులు కాళ్లలో బలహీనత లేదా స్పర్శలోపం ఉందా, మెడ మీది ధ్యాసను మళ్లించేంత బాధాకరమైన గాయం మరొకచోట ఉందా. అయిదింటికీ లేదన్న జవాబు వస్తే చిత్రం అక్కర్లేదని నియమం. మెడ గాయమున్న 818 మందిలో ఈ నియమం గుర్తించలేకపోయింది ఎనిమిది మందిని. వారిలోనూ చికిత్స దృష్టితో ముఖ్యమైన గాయం ఉన్నవారు ఇద్దరే.

శస్త్రవైద్యుడు: ఆ ఇద్దరి మాట అటుంచినా, ఈ నియమం వల్ల ఒరిగిన ఆదా ఎంత? గాయం లేనివారిని లేనివారిగా గుర్తించగల శక్తిని నిర్దిష్టత అంటారు. నెక్సస్‌కు అది నూటికి 12.9 మాత్రమే. అంటే గాయం లేనివారిలో ఎనిమిదింట ఏడు వంతుల మందికి నియమం పాటించినా చిత్రం తీయవలసే వచ్చింది. అంత స్వల్పమైన లాభం కోసం, పరీక్షించే వైద్యుడి అనుభవం మీద, ఓపిక మీద ఆధారపడే నియమానికి రోగి వెన్నుపామును అప్పగించడం సబబేనా?

వైద్యురాలు: నియమం ఏమడుగుతోందో నిదానించి చూస్తే దాని విలువ అంకెలకు మించి కనిపిస్తుంది. అయిదు ప్రశ్నలలో మెడ నొప్పి, నరాల లోపం అన్న రెండే గాయాన్ని గురించినవి. మత్తు, స్పృహ, ధ్యాస మళ్లించే గాయం అన్న మూడూ రోగి మాట నమ్మదగినదా కాదా అన్నదాన్ని గురించినవి. తర్కశాస్త్రం ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూనే, చెప్పేవాడు విషయం ఎరిగినవాడై, ఉన్నది ఉన్నట్టు చెప్పగలవాడై ఉండాలని షరతు పెడుతుంది. నెక్సస్ చేసిందీ అదే. మెడ నొప్పి లేదని రోగి చెప్పినప్పుడు, ఆ మాట చెప్పగల స్థితిలో అతను ఉన్నాడా అని ముందుగా విచారించి, ఉంటేనే నమ్మమంటుంది. లేకుంటే యంత్రాన్ని సాక్షిగా పిలవమంటుంది.

శస్త్రవైద్యుడు: విచారణ బాగుంది, తీర్పు మాత్రం నిలకడగా లేదు. ఇదే నియమాన్ని కెనడాలో 8,283 మందిపై మరొక నియమంతో సరిపోల్చి 2003లో ప్రకటించినప్పుడు, ముఖ్యమైన గాయాలున్న వారిలో నూటికి 90.7 మందినే అది గుర్తించగలిగింది. అమెరికాలో నూటికి తొంభై తొమ్మిది చూపిన నియమం సరిహద్దు దాటగానే ఇంత జారడం దేనికి?

వైద్యురాలు: ‘ధ్యాస మళ్లించే గాయం’ వంటి మాటను ఒక్కో వైద్యుడు ఒక్కో తీరుగా అర్థం చేసుకునే వీలుండటం నెక్సస్‌లోని బలహీనత. కాని ఆ పోలికలో ఎదుట నిలిచినది కూడా చేతి పరీక్షపై ఆధారపడిన నియమమేనని మరవరాదు. 2001లో రూపొందిన కెనడా మెడ నియమం, పూర్తి స్పృహలో ఉండి, రక్తపోటు మొదలైనవి నిలకడగా ఉన్న వయోజనులకు ఉద్దేశించినది. అది మూడు మెట్లుగా నడుస్తుంది. మొదట, అరవై అయిదేళ్లు నిండాయా, ప్రమాదం తీరు భయంకరమైనదా, చేతుల్లోనో కాళ్లలోనో తిమ్మిరి ఉందా అని అడిగి, ఒక్కటి ఉన్నా చిత్రం తీయమంటుంది. తర్వాత, వెనుక నుండి మామూలుగా వాహనం తగలడం, ఆసుపత్రిలో కూర్చోగలగడం, ప్రమాదం తర్వాత ఎప్పుడైనా నడిచి ఉండటం, నొప్పి ఆలస్యంగా మొదలవడం, నడిమధ్యన నొక్కితే నొప్పి లేకపోవడం అన్న లక్షణాలలో ఒక్కటైనా ఉందేమో చూస్తుంది. అలా ఉంటేనే మెడను కదిలించి చూడటం క్షేమం గనుక, చివరగా రోగి తనంతట తాను తలను కుడికీ ఎడమకూ 45 డిగ్రీలు తిప్పగలడా అని పరీక్షించి, తిప్పగలిగితే చిత్రం అనవసరమని తేలుస్తుంది. 2003 నాటి పోలికలో ఇది ముఖ్యమైన గాయాలలో నూటికి 99.4 గుర్తించి, ఒకే ఒక్కదాన్ని వదిలింది; ఈ నియమం ప్రకారం చిత్రం అవసరమయ్యేది నూటికి 56 మందికే. 2009లో 12 కెనడా ఆసుపత్రులపై వెలువడిన మరో అధ్యయనంలో, దీన్ని అమలు చేసిన చోట్ల చిత్రాలు తగ్గినా, ఒక్క ఫ్రాక్చరు కూడా తప్పిపోలేదు.

శస్త్రవైద్యుడు: ఆ నియమంలోని భయంకరమైన ప్రమాదాల జాబితా కెనడా రహదారుల నుండి పుట్టింది. గంటకు నూరు కిలోమీటర్లు మించిన కారు, బోల్తాపడిన వాహనం, అందులోంచి విసిరివేయబడటం, తలకిందులుగా నీళ్లలో దూకడం, మూడడుగులు దాటిన ఎత్తు నుండి పడటం, సైకిలు ప్రమాదం అందులో ఉన్నాయి. భారతదేశపు రోడ్లపై 2022లో ప్రాణాలు కోల్పోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీదివారే. ఆటోలో కిక్కిరిసి కూర్చున్నవారు, ట్రాక్టరు ట్రాలీ మీదివారు ఆ జాబితాలో ఎక్కడా లేరు. తమవి కాని ప్రమాదాల కొలతతో తెలుగువారి మెడను కొలవడం ఎంతవరకు న్యాయం?

వైద్యురాలు: ఇది ఒప్పుకోవలసిన అభ్యంతరం. నియమం వెనుకనున్న కారణాన్ని పట్టుకుంటే, బైకు మీది నుండి ఎగిరిపడినవారిని వాహనంలోంచి విసిరివేయబడిన వారితో సమానంగా ఎంచి, నేరుగా చిత్రానికి పంపడమే క్షేమం. తాటిచెట్టు మీది నుండి పడిన గీత కార్మికుడి విషయంలో నియమమే మూడడుగుల ఎత్తు చాలునంటోంది. అయినా, మన రోడ్ల మీద, మన రోగులలో ఈ నియమాలను పరీక్షించి సరిచూసుకోవడం ఇక్కడి వైద్య కళాశాలల బాధ్యత. అరువు తెచ్చుకున్న నియమాన్ని సరిచూడకుండా శిరసావహించడం గాని, సరిచూడకుండానే తోసిపుచ్చడం గాని తగదు.

ఎక్స్‌రేనా, సీటీనా?

శస్త్రవైద్యుడు: చిత్రం తీయాలని నిశ్చయమయ్యాక వయోజనులకు సీటీ తప్ప మరొకటి పనికిరాదన్నది ఇక వాదానికి లొంగే విషయం కాదు. ఉన్న గాయాన్ని పట్టుకోగల శక్తిని సున్నితత్వం అంటారు. అప్పటివరకు జరిగిన పరిశీలనలను కలిపి 2005లో లెక్కించినప్పుడు అది ఎక్స్‌రేకు నూటికి 52, సీటీకి నూటికి 98గా తేలింది. ఎక్స్‌రేలో సగం గాయాలు కనిపించకుండా పోతున్నాయన్న మాట. 2009 నాటికి అమెరికాలోని ట్రామా వైద్యుల సంఘమైన ఈస్ట్ తన మార్గదర్శకాలలో ఎక్స్‌రే స్థానాన్ని సీటీకి ఇచ్చేసింది.

వైద్యురాలు: ఆ 52 అన్న అంకె ఎక్కువగా తీవ్రంగా గాయపడిన, కదలలేని, చిత్రం సరిగా రాని రోగుల నుండి వచ్చిందన్న సంగతి కూడా చెప్పాలి. అయినా వయోజనుల విషయంలో సీటీ ప్రథమ స్థానం న్యాయమైనదే. ఇక్కడ అభ్యంతరం సీటీ మీద కాదు, దాన్ని అందరికీ పంచిపెట్టడం మీద. మెడ ఎక్స్‌రేలో శరీరానికి తగిలే కిరణాల మోతాదు సుమారు 0.2 మిల్లీసీవర్టులైతే, మెడ సీటీలో అది మూడు మిల్లీసీవర్టులకు అటూఇటూగా ఉంటుంది. ప్రకృతి నుండి మనిషికి ఏడాది పొడవునా తగిలే సగటు మోతాదే 2.4 మిల్లీసీవర్టులు. పైగా కిరణాలకు తొందరగా లోబడే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా ఆ దారిలోనే ఉంది. ఒక్క రోగికి కలిగే ముప్పు చాలా చిన్నదే అయినా, అవసరం లేని వేలమందికి దాన్ని అంటగట్టే హక్కు వైద్యుడికి లేదు.

శస్త్రవైద్యుడు: చక్రాల కుర్చీలో గడిపే జీవితంతో తూచినప్పుడు ఆ మోతాదు ఎంతపాటిది?

వైద్యురాలు: చక్రాల కుర్చీ ప్రమాదం నిజంగా ఉన్నవారితో తూచితే ఏమంతది కాదు, అది లేనివారితో తూచితే ప్రతి కిరణమూ అనవసర భారమే. తూకంలో ఎవరిని పెట్టాలో తేల్చేది పరీక్షే. ఇక సీటీ లేని ఆసుపత్రి మాట కూడా రావాలి. అక్కడ ఎక్స్‌రే తీయక తప్పనప్పుడు దాన్ని శాస్త్రోక్తంగా తీసి, శాస్త్రోక్తంగా చదవాలి. పక్క నుండి ఒకటి, ముందు నుండి ఒకటి, రెండవ వెన్నుపూసలోని పంటివంటి కొమ్ము కనిపించేలా నోరు తెరిపించి ఒకటి, ఇలా మూడు చిత్రాలు కనీసం కావాలి. పక్క చిత్రంలో ఏడవ మెడ పూస, ఛాతీ మొదటి పూసతో కలిసే చోటు కనిపించకపోతే ఆ చిత్రం అసంపూర్ణం. పూసల ముందు అంచులు, వెనుక అంచులు, కాలువ వెనుక గోడ, వెనుకకు పొడుచుకొచ్చిన కొనలు అన్న నాలుగు రేఖలు తెగకుండా వంపుగా సాగుతున్నాయా అని చూడాలి. పూసల ముందున్న మెత్తని కణజాలం మందం వయోజనులలో రెండవ పూస దగ్గర సుమారు ఆరేడు మిల్లీమీటర్లు, ఆరవ పూస దగ్గర సుమారు 22 మిల్లీమీటర్లు మించితే, ఎముక విరిగినట్టు కనిపించకపోయినా లోపల రక్తం చేరిందేమోనని అనుమానించాలి.

శస్త్రవైద్యుడు: అంత జాగ్రత్తగా చదివినా, ఎక్స్‌రే గాయం ఉందని చెప్పగలదే గాని లేదని చెప్పలేదు. ఉందని తేలితే రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపవచ్చు. బాగుందని కనిపించినప్పుడు మాత్రం, ముప్పు లక్షణాలున్న రోగికి ఆ ఒక్క ఆధారంతో కాలర్ తీసివేయకూడదు.

వైద్యురాలు: ఈ మాటలో భేదం లేదు.

స్పృహలేని రోగి

శస్త్రవైద్యుడు: ఇప్పుడు సాక్ష్యమే చెప్పలేని రోగి దగ్గరికి వద్దాం. తలకు దెబ్బ తగిలి, గొంతులో గొట్టంతో, వెంటిలేటరుపై ఉన్నవారిని మీ నియమాలేవీ తాకలేవు. మంచి సీటీ తీసి, దాన్ని నిపుణుడు చదివి, గాయం లేదంటే కాలర్ తీసివేయవచ్చని ఈస్ట్ 2015లో సూచించింది. వారు సమీక్షించిన పరిశీలనల్లో 1,718 మంది స్పృహలేని రోగులుండగా, సీటీ బాగుందని వచ్చాక అస్థిర గాయం, అంటే మామూలు కదలికలకే పూసలు జరిగి వెన్నుపామును నొక్కగల గాయం, ఒక్కరిలోనూ బయటపడలేదు.

వైద్యురాలు: అయితే అదే సంఘం ఆ సూచనకు ఆధారాల నాణ్యత బలహీనమని కూడా రాసుకుంది. సీటీ ఎముకను చక్కగా చూపుతుంది. ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ తెగినప్పుడు దాన్ని పూసల మధ్య ఎడం పెరగడం వంటి పరోక్ష చిహ్నాల ద్వారానే చూపగలదు. కాలర్ ధరించిన మనిషి పడుకొని ఉండగా తీసిన చిత్రంలో ఆ ఎడం కనిపించకుండా సర్దుకోవచ్చు. రోగి నోరు మూగదైనప్పుడు, యంత్రం ఒకే రకమైన ప్రశ్నకు జవాబిస్తున్నప్పుడు, మరికొంత కాలం కాలర్ ఉంచితే పోయేదేమిటి?

శస్త్రవైద్యుడు: పోయేది చాలానే ఉంది డాక్టరు గారూ. రోజుల తరబడి కాలర్ ఉంచితే గడ్డం కింద, తల వెనుక ఒరిపిడి పుండ్లు పడతాయి. మెడలోని సిరలు ఒత్తుకుని మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. నోటి స్రావాలు ఊపిరితిత్తుల్లోకి జారే ముప్పు, గొంతులో గొట్టం వేయడంలో ఇబ్బంది ఎక్కువవుతాయి. క్షేమం కోసం వేసిన పట్టీయే హాని చేయడం మొదలుపెడుతుంది. 2016లో ఉత్తర అమెరికాలోని ట్రామా కేంద్రాలు కలిసి 10,276 మందిని పరిశీలించి ప్రకటించిన ఫలితాలను చూస్తే సందేహం తీరుతుంది. శస్త్రచికిత్సో, తలకు చక్రం వంటి చట్రమో అవసరమైన గాయాలు 198 మందిలో ఉండగా, సీటీ వదిలేసింది ముగ్గురినే.

వైద్యురాలు: ఆ ముగ్గురూ ఎవరో చెప్పకుండా ఆ అంకెను ముగించకూడదు. మొదటి పరీక్షలోనే వారి ముగ్గురికీ నరాల లోపం కనిపించింది. యంత్రం మౌనంగా ఉన్నచోట శరీరమే సాక్ష్యం చెప్పింది. చేతులు కాళ్లు కదిలించమని అడిగిన వైద్యుడే దాన్ని విన్నాడు. కాబట్టి స్పృహ లేకపోయినా నొప్పి కలిగించి చూసినప్పుడు నాలుగు అవయవాలూ కదులుతున్నాయా అన్న పరీక్ష జరిగి, సీటీ కూడా బాగుందని నిపుణుడు ధ్రువీకరించినప్పుడు కాలర్ తీయడాన్ని ఈ పక్షం అంగీకరిస్తుంది. ఏదైనా ఒక అవయవం వెనుకబడితే, సీటీ ఎంత బాగున్నా విచారణ ముగియలేదు.

శస్త్రవైద్యుడు: సీటీ ఫలితం పక్కన చేతికాళ్ల పరీక్ష ఫలితం కూడా తప్పక ఉండాలన్న షరతును ఈ పక్షం కూడా స్వీకరిస్తుంది.

ఎంఆర్ఐ ఎప్పుడు?

వైద్యురాలు: ఆ విచారణకు వాడేదే ఎంఆర్ఐ. బలమైన అయస్కాంతంతో, రేడియో తరంగాలతో, కిరణాల ప్రమేయం లేకుండా వెన్నుపామును, డిస్కులను, పట్టీలను, వాటిలోని వాపునూ రక్తస్రావాన్నీ నేరుగా చూపే పద్ధతి అది. వయసు పైబడి మెడ ఎముకలు అరిగి కాలువ ఇరుకైనవారు ముందుకు పడి నుదురు నేలకు తగిలితే, మెడ వెనుకకు విరిగినట్టై, ఎముక చెక్కుచెదరకుండానే వెన్నుపాము మధ్యభాగం నలుగుతుంది. కాళ్లకన్నా చేతులు ఎక్కువగా బలహీనపడే ఈ లక్షణ సముదాయాన్ని ష్నైడర్ 1954లో వర్ణించాడు. చిన్నపిల్లల్లో పట్టీలు సాగే గుణం వల్ల ఎముకలు జరిగి తిరిగి యథాస్థానానికి వచ్చేసి, ఎక్స్‌రేలో ఏమీ కనిపించకుండానే వెన్నుపాము దెబ్బతినవచ్చునని 1982లో పాంగ్, విల్‌బర్గర్ అనే వైద్యులు గుర్తించారు. ఇలాంటివారిలో ఎముక చిత్రం బాగుందని రోగిని ఇంటికి పంపడం ఘోరమైన పొరపాటు.

శస్త్రవైద్యుడు: అక్కడ భేదం లేదు. కాని సీటీ బాగున్న ప్రతివారికీ ఎంఆర్ఐ అనే ధోరణి కూడా ప్రమాదకరమే. ఆ పరీక్షకు అరగంటకు పైగా పడుతుంది. వెంటిలేటరుపై ఉన్న రోగిని అంతసేపు అయస్కాంత గదిలో ఉంచడంలో ప్రాణభయం ఉంది. ఎంఆర్ఐ చూపే చిన్న చిన్న వాపుల్లో చాలావాటికి చికిత్సే అక్కర్లేదు గాని, అవి కనిపించాయన్న కారణంతో కాలర్ వారాల తరబడి మిగిలిపోతుంది. నరాల లోపం ఉన్నవారికి మాత్రం ఎంఆర్ఐ ఆలస్యం కాకూడదు. వెన్నుపాముపై ఒత్తిడిని 24 గంటల లోపల తొలగించిన రోగులలో నరాలు మెరుగ్గా కోలుకున్నాయని 2012లో వెలువడిన స్టాసిస్ అధ్యయనం చూపింది గనుక, చిత్రం తీసే వేగం కూడా చికిత్సలో భాగమే.

వైద్యురాలు: మరొక వర్గాన్ని కూడా చేర్చాలి. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వ్యాధిలో వెన్నెముక అంతా అతుక్కుపోయి ఒకే కడ్డీలా బిగుసుకుంటుంది. అలాంటి మెడ మంచం మీది నుండి జారిపడినా విరగవచ్చు. విరుపు సన్నగా ఉండి సీటీలోనూ మరుగున పడవచ్చు. వీరికి కొత్తగా మెడనొప్పి వచ్చిందంటే సీటీ తీయడమే గాక, అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ కూడా తీయాలి. వంగి ఉన్న మెడను కాలర్‌తో బలవంతంగా నిటారు చేయకూడదు.

పిల్లలు, వృద్ధులు

శస్త్రవైద్యుడు: అందరికీ సీటీ అన్న ప్రతిపాదనను మొదటి నుండీ వయోజనులకే పరిమితం చేయడానికి కారణం పిల్లలే. ఎదిగే శరీరానికి కిరణాల ముప్పు పెద్దలకన్నా ఎక్కువ. బతకవలసిన కాలమూ ఎక్కువ. అయినా పిల్లల విషయంలో గాయం తప్పిపోతే నష్టం జీవితకాలమంతా ఉంటుంది. అందుచేత అక్కడ ఏ మార్గం సరైనదో తేల్చడం కష్టం.

వైద్యురాలు: ఆ మార్గాన్నే 2024లో అమెరికాలోని పిల్లల అత్యవసర విభాగాల సమాఖ్య పెకార్న్ చూపింది. దెబ్బ తగిలిన 22,430 మంది పిల్లలలో 433 మందికి మెడ గాయం తేలింది. స్పృహ బాగా తగ్గడం, ఊపిరిలోనో రక్తప్రసరణలోనో తేడా, నరాల లోపం ఉంటే సీటీ. మెడనొప్పి, నొక్కితే నొప్పి, స్పృహలో కొద్దిపాటి తేడా, తలకో మొండేనికో పెద్ద గాయం ఉంటే ముందుగా ఎక్స్‌రే. ఇవేవీ లేకుంటే చిత్రమే వద్దు. ఇలా మెట్లు కట్టితే సీటీ తీసే పిల్లల సంఖ్య నూటికి 17 నుండి సుమారు ఏడుకు తగ్గుతుందని లెక్క తేలింది. ఆ నియమం గాయాలలో నూటికి 94 మాత్రమే పట్టుకుంది కాబట్టి, చిత్రం లేకుండా ఇంటికి పంపిన బిడ్డ తల్లిదండ్రులకు ఏయే లక్షణాలు కనిపిస్తే తిరిగి రావాలో స్పష్టంగా చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

శస్త్రవైద్యుడు: వృద్ధుల విషయంలో మాత్రం ఈ పక్షం మెత్తబడదు. బాత్రూములో కాలు జారిన డెబ్భై ఏళ్ల మనిషికి రెండవ పూస కొమ్ము విరిగి కూడా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. కిరణాల వల్ల దీర్ఘకాలంలో కలిగే ముప్పు ఆ వయసులో చాలా తక్కువ. గాయం తప్పిపోతే కలిగే ముప్పు చాలా ఎక్కువ.

వైద్యురాలు: కెనడా నియమమూ అరవై అయిదేళ్లు నిండినవారిని మొదటి మెట్టులోనే చిత్రానికి పంపుతోంది, కనుక ఇక్కడ రెండు పక్షాలూ ఒకటే.

తెలుగు నేలపై ఈ వాదం

శస్త్రవైద్యుడు: ఇన్ని సూక్ష్మాలు పెద్ద నగరపు ఆసుపత్రిలో సాగుతాయి. ప్రమాదం మాత్రం జాతీయ రహదారి మీద, పల్లె దారిలో, తాటివనంలో జరుగుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రోగిని చేరవేయగలుగుతోంది. చేరిన మొదటి ఆసుపత్రిలో సీటీ యంత్రం గాని, రాత్రివేళ దాన్ని చదివే రేడియాలజిస్టు గాని లేనప్పుడు నియమం ఏం చేస్తుంది?

వైద్యురాలు: నియమం అవసరం అక్కడే ఎక్కువ. యంత్రం ఉన్నచోట తప్పుడు అంచనాను యంత్రం దిద్దవచ్చు. లేనిచోట ఎవరిని వరంగల్లుకో, గుంటూరుకో, కర్నూలుకో తక్షణం పంపాలి, ఎవరిని ఆపి చూడవచ్చు అన్నది వైద్యుడి చేతులే తేల్చాలి. కెనడాలో ఆ నియమాన్ని శిక్షణ పొందిన నర్సులు కూడా క్షేమంగా వాడగలరని పరీక్షించి చూశారు. అంటే ఇది పెద్ద డిగ్రీల మీద గాక, క్రమం తప్పని అడుగుల మీద నడిచే విద్య. అవసరం లేనివారిని పంపకపోతే, అవసరమున్నవారికి అంబులెన్సూ, సీటీ బల్లా ఖాళీగా దొరుకుతాయి. పేద కుటుంబానికి అర్ధరాత్రి నూరు కిలోమీటర్ల ప్రయాణమంటే ఎంత ఖర్చో, ఎంత దిగులో కూడా ఈ లెక్కలో చేరాలి.

శస్త్రవైద్యుడు: పంపేటప్పుడు పరీక్షలో ఏమి కనిపించిందో రాయకుండా పంపడం వల్ల జరిగే అనర్థం కూడా తక్కువ కాదు. మొదటి ఆసుపత్రిలో కాళ్లు కదిలాయో లేదో రాసి ఉంటే, దారిలో పరిస్థితి దిగజారిందని రెండవ ఆసుపత్రి గుర్తించగలదు. రాయకపోతే ఆ నష్టం ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. గాయం జరగకుండా చూడటం అన్నిటికన్నా ముఖ్యమన్నదీ నిజమే. గీత కార్మికులకు పట్టు జారకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టింది. బైకు నడిపేవారు హెల్మెట్ పెట్టుకుంటే, ప్రమాదం జరిగాక పూర్తి స్పృహతో తమ మెడ గురించి తామే చెప్పగలిగే అవకాశమూ పెరుగుతుంది.

ఉపసంహారం

రెండు పక్షాల వాదాన్నీ కలిపి చూసినప్పుడు, యంత్రానికీ చేతి పరీక్షకూ పోటీ అన్న భావనే నిలవదని తేలుతుంది. రోగి స్పష్టమైన స్పృహలో ఉండి, మత్తు లేక, మరో గాయం బాధలో మునగక, తన మెడ గురించి నమ్మదగిన మాట చెప్పగలిగినప్పుడు, ఆ మాటనూ అతని కదలికలనూ క్రమపద్ధతిలో పరీక్షించి నిర్ణయించడం శాస్త్రసమ్మతం. వయసు పైబడటం, ప్రమాదం తీవ్రత, తిమ్మిరి, స్పృహలోపం వంటివి ఆ సాక్ష్యాన్ని బలహీనపరచినప్పుడు వయోజనులకు సీటీ తప్పనిసరి. సీటీ బాగున్నా నరాలు లోపాన్ని చూపుతుంటే ఎంఆర్ఐ ఆలస్యం చేయరాదు. పిల్లలకు ఇదే క్రమాన్ని మరింత పొదుపుగా, మరింత ఓపికగా పాటించాలి.

శస్త్రవైద్యుడి పట్టుదల లేకపోతే అనుమానించవలసిన మెడలు అనుమానానికి దూరమవుతాయి. వైద్యురాలి పట్టుదల లేకపోతే యంత్రం చెప్పని మాట వినేవారే ఉండరు. భేదం పూర్తిగా సమసిపోలేదు. భారతీయ రోడ్ల తీరుకు తగినట్టు నియమాలను సవరించడం ఇంకా జరగవలసిన పని. స్పృహలేని రోగికి సీటీతో పాటు ఎంఆర్ఐ ఎప్పుడు చేర్చాలన్నదానిపై నిపుణులలో ఏకాభిప్రాయం ఇంకా పూర్తి కాలేదు. కాని ప్రతి అత్యవసర విభాగంలో ఈ రోజు నుండే చేయగలిగిన పని ఒకటుంది. కాలర్ తీసిన ప్రతి రోగి కేసు షీటులోనూ, ఏ ఆధారంతో తీశారో, మెడను నొక్కినప్పుడు నొప్పి ఉన్నదో లేదో, నాలుగు అవయవాలూ కదిలాయో లేదో, చిత్రం తీస్తే దాన్ని ఎవరు చదివారో స్పష్టంగా రాసి సంతకం చేయాలి. అలా రాయవలసి వచ్చిన వైద్యుడు రోగిని తాకి పరీక్షించకుండా ఉండలేడు, చదవని చిత్రాన్ని నమ్మి ఉండలేడు. ఖర్చు లేని ఈ ఒక్క కట్టుబాటు, ఉన్న యంత్రాలతోనే, ఉన్న మనుషులతోనే, ఎన్నో మెడలను కాపాడగలదు.